రిగ్గు ఆగింది, ఈయనకు నిద్ర లేదు

చమురు రిగ్గుల మీద, ఆ తర్వాత సిబ్బంది విభాగంలో పనిచేసి కాకినాడలో స్థిరపడిన మా కాలమిస్టు పాఠకుల ఉద్యోగ సమస్యలకు ఇస్తున్న జవాబులు. ఈ సంచికలో మూడు ఉత్తరాలు.

ప్రశ్న: నమస్తే అండి. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. మా ఆయన సౌదీలో సముద్రం మీద జాకప్ రిగ్గులో అసిస్టెంట్ డ్రిల్లర్. ఒకే డ్రిల్లింగ్ కంపెనీలో ఎనిమిదేళ్ల నుంచి ఉన్నారు. ఎనిమిది వారాలు పని, నాలుగు వారాలు ఇల్లు. జీతం 7,000 రియాళ్లు. మొన్న వాళ్ల రిగ్గు పని ఆపేసి ఒడ్డుకు తెచ్చి కట్టేశారట. సగం మందిని ఇళ్లకు పంపేశారు. ఈయన దమ్మామ్ క్యాంపులో ఉన్నారు. "ప్రస్తుతానికి రాజీనామా రాసి ఇంటికి వెళ్లండి, రిగ్గు మళ్లీ మొదలైతే మొదటి పిలుపు మీకే" అని ఆఫీసువాళ్లు ఒక కాగితం ముందు పెట్టారు. ఇంకా సంతకం పెట్టలేదు. రాత్రిళ్లు నిద్రపోవడం లేదు. ఫోన్ చేస్తే రెండు ముక్కలు మాట్లాడి పెట్టేస్తారు. అర్ధరాత్రి లేచి క్రూడ్ ధర చూస్తారట. వాట్సాప్ గ్రూపులో రోజుకో లిస్టు వస్తుంది. అమలాపురంలో ఇల్లు కట్టుకున్నాం. లోను ఇంకా 38 లక్షలు ఉంది, ఈఎంఐ 37,000. పాప ఇంటర్ రెండో సంవత్సరం, బాబు ఎనిమిదో తరగతి. మా అన్నయ్యేమో "బావని వచ్చేయమను, చెరువు తీసుకుని రొయ్యలు వేద్దాం" అంటున్నాడు. మా అత్తగారికి ఏమీ చెప్పలేదు. సంతకం పెట్టమనాలా, వద్దనాలా? ఆయన్ని మళ్లీ మామూలుగా చేయడం ఎలా?

— ఓ సోదరి, రాజోలు మండలం

జవాబు: అమ్మా, ముందు ఆ సంతకం సంగతి. రాజీనామా కాగితం మీద సంతకం పెట్టవద్దని ఈ రోజే ఫోన్ చేసి చెప్పండి. గట్టిగా పోట్లాడక్కర్లేదు. "ఇంట్లో వాళ్లతో మాట్లాడి చెబుతాను, ఈలోగా ఆ కాగితం కాపీ ఒకటి ఇవ్వండి" అంటే చాలు.

ఎందుకో లెక్క వేసి చూపిస్తాను. సౌదీ కార్మిక చట్టంలో ఉద్యోగం ముగిసినప్పుడు ఇచ్చే గ్రాట్యుటీకి సూత్రం ఉంది. మొదటి అయిదేళ్లకు ఏడాదికి అర నెల జీతం, ఆ తర్వాత ప్రతి ఏడాదికీ ఒక నెల జీతం. మీ ఆయనకు ఎనిమిదేళ్లు కాబట్టి రెండున్నర నెలలు, మూడు నెలలు కలిపి అయిదున్నర నెలల జీతం. 7,000 రియాళ్ల మీద 38,500. కంపెనీ తీసేసినా, ఒప్పందం గడువు ముగిసి కొనసాగించకపోయినా ఇది మొత్తం రావాలి. తనంతట తానే రాజీనామా చేస్తే మాత్రం, అయిదు నుంచి పదేళ్ల మధ్య సర్వీసు ఉన్నవాళ్లకు మూడింట రెండు వంతులే ఇస్తారు. అంటే 25,700 దరిదాపు. తేడా 12,800 రియాళ్లు, మన డబ్బులో మూడు లక్షలు. ఒక్క సంతకానికి మూడు లక్షలు.

అక్కడితో అయిపోదు. సౌదీలో విదేశీయులందరివీ గడువున్న ఒప్పందాలే. గడువు తీరకముందే చట్టం ఒప్పుకునే కారణం లేకుండా తీసేస్తే మిగిలిన గడువు జీతం పరిహారంగా అడగొచ్చు. అది రెండు నెలల జీతానికి తగ్గకూడదు. అయితే ఒప్పందంలోనే పరిహారం ఎంతో రాసి ఉంటే అదే వర్తిస్తుంది. "ఈ పనే మూతపడింది" అని కంపెనీ వాదించే వీలు కూడా ఉంది, కాబట్టి ఈ డబ్బు తప్పక వస్తుందని నేను మాట ఇవ్వను. కానీ రాజీనామా రాసిన మనిషికి ఆ వాదన మొదలుపెట్టే అవకాశమే ఉండదు. ఆఫీసువాళ్లు ఆ కాగితం ఎందుకు ముందు పెట్టారో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. "మొదటి పిలుపు మీకే" అన్న మాట ఆ కాగితంలో ఎక్కడైనా రాసి ఉందేమో ఆయన్ని చూడమనండి. నేను చూసిన ఇలాంటి కాగితాల్లో ఎప్పుడూ లేదు.

రాజీనామాకు బదులు జీతం లేని సెలవు ఇస్తామంటే? అది రాజీనామా కంటే నయం. అయినా అడగాల్సినవి ఉన్నాయి. ఇరవై రోజులు దాటిన జీతం లేని సెలవులో ఒప్పందం నిలిచిపోయినట్టుగా చట్టం చూస్తుంది. అందుకని ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఆ తర్వాత పని లేకపోతే ఏం చేస్తారు, సర్వీసు లెక్కలోకి వస్తుందా రాదా, ఈ మూడూ రాతలో ఉండాలి. ఇంటికి పంపేటప్పుడు పాస్‌పోర్టుకు ఎక్కించేది మళ్లీ తిరిగి వెళ్లనిచ్చే ఎగ్జిట్ రీ-ఎంట్రీ వీసానా, ఉద్యోగం ముగించి పంపేసే ఫైనల్ ఎగ్జిట్టా అన్నది విమానం ఎక్కకముందే ఆయనే సౌదీ ప్రభుత్వ ఆన్‌లైన్ సేవ అబ్షర్‌లో చూసుకోవాలి. సెలవని చెప్పి ఫైనల్ ఎగ్జిట్ కొట్టిన సంగతి బొంబాయిలో దిగాక తెలుసుకున్న కుర్రాళ్లు నాకు తెలుసు.

ఇప్పుడు ఆయన నిద్ర సంగతి. దానికి ముందు అసలు రిగ్గు ఎందుకు ఆగిందో మీ ఇద్దరికీ తెలియాలి. చాలామంది మగవాళ్లు పైకి చెప్పరు గానీ లోపల "నా పనిలో ఏదో లోపం ఉంది" అనుకుని కుమిలిపోతారు.

2024 జనవరి 30న సౌదీ అరామ్‌కో ఒక ప్రకటన చేసింది. రోజుకు కోటీ ముప్పై లక్షల పీపాల ఉత్పత్తి సామర్థ్యానికి పెరగాలన్న పథకం ఆపేసి, కోటీ ఇరవై లక్షల దగ్గరే ఉండమని ప్రభుత్వం చెప్పిందన్నది దాని సారాంశం. పెరగాల్సిన పది లక్షల పీపాల కోసం తెచ్చిన రిగ్గులు చాలావరకు సముద్రం మీద పనిచేసే జాకప్‌లే. ఆ ఏడాదే ఇరవైకి పైగా జాకప్‌లను ఆపేశారు. చమురు కంపెనీ రిగ్గును ఆపితే డ్రిల్లింగ్ కంపెనీకి వచ్చే రోజు అద్దె ఆగిపోతుంది. జాకప్‌కి ఆ అద్దె రోజుకు లక్ష డాలర్లకు అటూఇటూగా ఉంటుంది. అద్దె ఆగిన రిగ్గు మీద వందమందిని ఉంచరు. మెకానిక్కులు, ఎలక్ట్రీషియన్లు, క్రేన్ ఆపరేటర్ లాంటి కొద్దిమందితో రిగ్గును కాపాడతారు. బావి తవ్వే జట్టుకు అక్కడ పని ఉండదు కాబట్టి డ్రిల్లర్, అసిస్టెంట్ డ్రిల్లర్, డెరిక్‌మ్యాన్, రఫ్‌నెక్‌లు ముందు దిగుతారు.

కాబట్టి అబద్ధపు ధైర్యం చెప్పను. మీ ఆయన ఉద్యోగానికి ఉన్న ప్రమాదం నిజమైనదే. కానీ ఆ ప్రమాదానికీ ఆయన చేతి పనికీ సంబంధం లేదు. ఈ నిర్ణయం రియాద్‌లో జరిగింది. మీ ఆయన పైపు ఎంత బాగా దించినా, ఒక్క రోజు కూడా ఆలస్యంగా రాకపోయినా ఆ రిగ్గు ఆగేదే. ఈ మాట ఆయనతో ఒకటికి రెండుసార్లు చెప్పండి. మీ నోటి నుంచి వింటే తేడా ఉంటుంది.

ఎవరిని ఉంచాలి, ఎవరిని పంపాలి అనే లిస్టులు తయారైన గదుల్లో నేను కూర్చున్నాను. అక్కడ ఏం చూస్తారో చెబుతాను. కంపెనీ మిగతా రిగ్గుల్లో ఆ హోదా ఖాళీ ఉందా అన్నది మొదటిది. సర్టిఫికెట్లు చెల్లుబాటులో ఉన్నాయా, చమురు కంపెనీ ఆమోదించిన పేరేనా, స్థానికులకు ఇవ్వాల్సిన పోస్టా, ఎవరి ఒప్పందం ముందు ముగుస్తుంది అన్నవి తర్వాత. ఈ వివరాలన్నీ ఆఖరి సాయంత్రం దాకా మారుతూనే ఉంటాయి. అందుకే వాట్సాప్ గ్రూపులో తిరిగే లిస్టు ఏదైనా సరే, తయారుచేసినవాడి భయమే తప్ప కంపెనీ లిస్టు కాదు. ఆ గ్రూపును మ్యూట్ చేసి, రోజుకు ఒక్కసారి చూడమనండి. పూర్తిగా మానేయమంటే మానలేరు, అందులో ఉద్యోగాల కబుర్లు కూడా ఉంటాయి.

అర్ధరాత్రి క్రూడ్ ధర చూడటం కూడా అంతే. 2020 ఏప్రిల్ 20న అమెరికాలో పీపా ధర సున్నా కిందికి, మైనస్ 37 డాలర్లకు పోయింది. రెండేళ్లు తిరగకుండా వంద డాలర్లు దాటింది. 2014 జూన్‌లో 115 డాలర్లున్న బ్రెంట్ రకం ముడిచమురు 2016 జనవరికి 30 లోపుకు పడింది. ఇంత ఊగినా ఏ రిగ్గూ ఒక రాత్రి ధరను బట్టి ఆగలేదు, ఒక రాత్రి ధరను బట్టి మొదలవలేదు. చమురు కంపెనీలు ఏడాదికో రెండేళ్లకో బడ్జెట్ వేసుకుని రిగ్గులు తీసుకుంటాయి. రాత్రి రెండు గంటలకు ఒక డాలరు పెరిగితే మీ ఆయనకు రేపు పిలుపు రాదు, ఒక డాలరు తగ్గితే ఉద్యోగం పోదు. ఆ ఫోనును పడుకునే చోటుకు దూరంగా పెట్టమనండి.

ఖాళీగా క్యాంపులో కూర్చోవడం పని కంటే కష్టం. కాబట్టి ఆయనకు చేయాల్సిన పనులు ఇద్దాం. ఈ వారంలోనే మొదలుపెట్టాలి, ఎందుకంటే కంపెనీ ఈమెయిలు, కంపెనీ కంప్యూటరు చేతిలో ఉన్నప్పుడే ఇవి తేలిక. సౌదీ కార్మిక శాఖవారి కివా పోర్టల్‌లో ఉన్న తన ఒప్పందాన్ని దించుకుని గడువు తేదీ చూడాలి. ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే విలువైన తేదీ అదే. గత రెండేళ్ల పే స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, వాడుకోని సెలవుల లెక్క సొంత మెయిలుకు పంపుకోవాలి, ఎందుకంటే మిగిలిన సెలవులకు కూడా జీతం కట్టి ఇవ్వాలి. కంపెనీవి కాని, తనవైన శిక్షణ సర్టిఫికెట్లన్నీ స్కాన్ చేసుకోవాలి. ఏ రిగ్గు మీద, ఏ హోదాలో, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా పనిచేశాడో చూపించే సర్వీసు సర్టిఫికెట్ అడగాలి. అది ఉచితంగా ఇవ్వాలని చట్టమే చెబుతుంది. తిరుగు ప్రయాణం టికెట్టు కూడా కంపెనీదే. కంపెనీయే తీసేస్తే లెక్క మొత్తం వారంలోపు తేల్చాలి. తేల్చకపోతే అక్కడి కార్మిక శాఖకు ఫిర్యాదు చేయొచ్చు, అందుకు ఉద్యోగం ముగిసిన నాటి నుంచి 12 నెలలే గడువు. ఇంటికి వచ్చేశాక ఆ పని చాలా కష్టం. అందుకే అక్కడ ఉండగానే లెక్క కాగితం చేతికి తీసుకోవాలి. అరబిక్‌లో ఉన్న కాగితం అర్థం కాకపోతే ఫోటో తీసి చదివించుకున్నాకే సంతకం.

ఇంకో ఉత్తరం కూడా రాయాలి, ఇది ఆశకు సంబంధించింది. సిబ్బంది మేనేజరుకు మర్యాదగా ఒక మెయిలు: "నా ఐడబ్ల్యూసీఎఫ్ (బావిని అదుపు చేసే శిక్షణ సర్టిఫికెట్) ఫలానా తేదీ వరకు చెల్లుతుంది, బోసియెట్ (సముద్రం మీద భద్రత శిక్షణ సర్టిఫికెట్) ఫలానా తేదీ వరకు, కంపెనీ వేరే దేశంలోని ఏ రిగ్గుకు పంపినా వెళ్లడానికి సిద్ధం." సౌదీలో ఆగిన రిగ్గుల్లో కొన్ని థాయిలాండ్‌కు, కొన్ని పశ్చిమ ఆఫ్రికాకు పనికి వెళ్లాయి. వాటితో పాటు పాత జట్టులోంచి కొందరు వెళ్లారు. ఐడబ్ల్యూసీఎఫ్ రెండేళ్లకు, బోసియెట్ నాలుగేళ్లకు ముగుస్తాయి. గడువు దగ్గరపడి ఉంటే ఎంత ఇబ్బందిగా ఉన్నా ఆ డబ్బు ఖర్చుపెట్టండి. మళ్లీ పిలిచే రోజున మేనేజరు ముందు చెల్లుబాటు తేదీలే చూస్తాడు.

ఇక ఇంటి లెక్క. 38,500 రియాళ్లంటే దాదాపు తొమ్మిది లక్షలు. ఈఎంఐ 37,000, ఇంటి ఖర్చు ఓ 35,000 వేసుకుంటే నెలకు 72,000. అంటే మీకు ఇప్పుడున్న పొదుపు ముట్టుకోకుండా ఏడాది గడుస్తుంది. ఈ అంకె కాగితం మీద రాసి ఆయనకు ఫోటో పెట్టండి. భయపడే మనిషి మనసులో "రేపే రోడ్డున పడతాం" అని ఉంటుంది. ఏడాది అనే అంకె చూస్తే ఊపిరి తీసుకుంటాడు. ఆ డబ్బు రాగానే లోనుకు కట్టేద్దాం అనిపిస్తుంది, కట్టకండి. మారే వడ్డీ మీద ఉన్న ఇంటి లోనును ఎప్పుడు ముందుగా కట్టినా జరిమానా ఉండదు, కాబట్టి తొందర లేదు. ఉద్యోగం లేని నెలల్లో చేతిలో ఉన్న డబ్బే ఇంటిని నిలబెడుతుంది. ఒకవేళ ఈఎంఐ తప్పేలా ఉంటే తప్పకముందే బ్యాంకుకు వెళ్లి గడువు పెంచి వాయిదా తగ్గించమని అడగండి. 90 రోజులు బకాయి పడితే ఖాతా మొండి బాకీ కింద పడుతుంది, ఆ తర్వాత మేనేజరు చేతిలో ఏమీ ఉండదు. చీటీ పాట ఏదైనా ఉంటే భయంతో పెద్ద తగ్గింపుకు పాడకండి.

రొయ్యల చెరువు సంగతి. మీ అన్నయ్య ప్రేమతోనే అంటున్నాడు. కానీ ఈ ఏడాది వద్దు. మన రొయ్యలకు అతి పెద్ద కొనుగోలుదారు అమెరికా. 2025 ఆగస్టు 27న మన సరుకు మీద అక్కడ సుంకం 50 శాతానికి ఎక్కింది. కోనసీమలో చెరువు గట్ల మీద ఏం మాట్లాడుకుంటున్నారో మీకు నాకంటే బాగా తెలుసు. పుట్టినప్పటి నుంచి చెరువులు చేస్తున్నవాళ్లే ఈ పంట వేయాలా మానాలా అని ఆలోచిస్తుంటే, రొయ్యలకు వైట్‌స్పాట్ రోగం వస్తే ఎలా ఉంటుందో ఎప్పుడూ చూడని మనిషి గ్రాట్యుటీ డబ్బు తెచ్చి పోయడం నాకు ఇష్టం లేదు. ఆరు నెలలు అన్నయ్య చెరువు మీదే పని నేర్చుకోవాలనుంటే నేర్చుకోనివ్వండి, డబ్బు మాత్రం బ్యాంకులో ఉండాలి.

ఇక్కడ పని దొరుకుతుందా అంటే, దొరుకుతుంది గానీ జీతం బాగా తగ్గుతుంది. కాకినాడ తీరానికి ఎదురుగా ఓఎన్‌జీసీ 98/2 బ్లాకులో 2024 జనవరి 7న మొదటి చమురు వచ్చింది. కేజీ డీ-6లో గ్యాసు తీస్తున్నారు. బొంబాయి సముద్రంలో ఓఎన్‌జీసీ అద్దెకు తీసుకున్న జాకప్‌లు పనిచేస్తున్నాయి. గల్ఫ్ అనుభవం ఉన్న అసిస్టెంట్ డ్రిల్లర్‌కు అక్కడ విలువ ఉంది. తక్కువ జీతమైనా ఒక ఏడాది చేస్తే సర్వీసులో ఖాళీ లేకుండా ఉంటుంది.

ఇలాంటి రోజుల్లో ఏజెంట్లు ఇంటికి వస్తారు, జాగ్రత్త. "ఖతార్ రిగ్గు, వారంలో వీసా, రెండు లక్షలు కట్టండి" అంటారు. నమోదైన ఏజెంటు అభ్యర్థి దగ్గర తీసుకోగలిగింది 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. అంతకు మించి అడిగినవాణ్ణి గుమ్మం దగ్గరే ఆపండి. ఏజెంటు పేరు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైటులో ఉందో లేదో మీ పాప అయిదు నిమిషాల్లో చూసిపెడుతుంది.

మీ అత్తగారికి చెప్పండమ్మా. పెద్దావిడ బీపీ గురించి భయపడుతున్నారని అర్థమైంది. కానీ ఇంట్లో గుసగుసలు ఆవిడకు వినపడుతూనే ఉంటాయి, కొడుకుకు ఏదో అయిందనుకుంటుంది. "రిగ్గు ఆగింది, అబ్బాయి క్షేమం, ఏడాదికి సరిపడా డబ్బుంది" అని మూడు ముక్కల్లో చెప్పండి. పాపకు కూడా చెప్పండి. ఇంటర్ పరీక్షల ముందు ఎందుకు అనుకుంటారేమో, తెలియక భయపడటం కంటే తెలిసి చదువుకోవడమే తేలిక.

ఆయనతో మాట్లాడేటప్పుడు "ఏమైంది, ఏమన్నారు?" అని రోజూ అడగకండి. ఆయన దగ్గర జవాబు లేదు, అడిగిన ప్రతిసారీ తను ఓడిపోయినట్టు అనిపిస్తుంది. రోజూ ఒకే వేళకు ఫోన్ చేసి "ఈ రోజు ఏ కాగితం స్కాన్ చేశారు?" అని అడగండి. బాబు చేత లెక్కలో, క్రికెట్ సంగతో మాట్లాడించండి. రెండు మూడు వారాలు గడిచినా నిద్ర రాకపోతే, తిండి మానేస్తే, "నేను లేకపోతేనే మీకు నయం" లాంటి మాట ఒక్కసారి వచ్చినా దాన్ని మామూలు టెన్షన్ అనుకోవద్దు. వెంటనే గదిలో ఉన్న స్నేహితుడికి ఫోన్ చేసి ఒంటరిగా వదలవద్దని చెప్పండి, ఆయన్ని ఇంటికి రప్పించండి. లెక్కలూ గ్రాట్యుటీలూ ఆ తర్వాత. మన దేశంలో మానసిక ఆరోగ్య సలహాకు టెలిమానస్ నంబరు 14416, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. దమ్మామ్ నుంచి ఆయనకు కలవకపోవచ్చు, మీరే చేసి ఏం చేయాలో అడగొచ్చు.

ప్రశ్న: మేము హ్యూస్టన్ దగ్గర కేటీలో ఉంటాం. ఒక పెద్ద చమురు కంపెనీలో ఇంజినీరుని, వయసు 43, హెచ్-1బీ మీద ఉన్నాను. గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసిన ఐ-140 దరఖాస్తు ఆమోదమై చాలా ఏళ్లయింది. మా ఫ్లోర్‌లో వచ్చే నెల లిస్టు అంటున్నారు. నన్ను తీసేస్తే 60 రోజుల్లో ఇల్లు అమ్ముకుని వెళ్లిపోవాల్సిందేనా?

— ఓ పాఠకుడు, టెక్సస్

జవాబు: బాబూ, మీ ఊళ్లో 2025 నుంచి ఎవరికీ నిద్ర లేదని నాకూ తెలుసు. ఆ ఏడాది ఫిబ్రవరిలో షెవ్రాన్ తన సిబ్బందిలో 15 నుంచి 20 శాతం తగ్గిస్తామంది, సెప్టెంబరులో కొనోకోఫిలిప్స్ 20 నుంచి 25 శాతం అంది. ఇంతమంది ఒకేసారి బయటికి వస్తున్నప్పుడు అది మీ పనితనం మీద తీర్పు కాదని ఇంటర్వ్యూలు చేసేవాళ్లకూ తెలుసు.

ఉద్యోగం పోయాక దేశంలో ఉండనిచ్చే 60 రోజుల లెక్క ఎక్కడ మొదలవుతుందో ముందు తెలుసుకోండి. మీ సీటు ఖాళీ చేసిన రోజు నుంచి కాదు, సాధారణంగా జీతం చెల్లించిన ఆఖరి రోజు నుంచి లెక్కిస్తారు. దేశంలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే మీ ఐ-94 అంతకుముందే ముగిస్తే అదే గడువు. పెద్ద సంఖ్యలో తీసేసే కంపెనీలు చట్టప్రకారం 60 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. చాలా చోట్ల ఆ రెండు నెలలూ పని లేకుండానే జీతం మీద ఉంచుతారు. అలా ఉంచితే మీకు వెతుక్కోవడానికి దాదాపు నాలుగు నెలలు. తీసేసేటప్పుడు ఒకేసారి చేతికిచ్చే పరిహారం, అంటే సెవరెన్స్ మాత్రం ఈ గడువును పెంచదు. అందుకని మొత్తం ఒకేసారి తీసుకోవడమా, కొన్ని వారాలు జీతం పట్టీలో కొనసాగడమా అని అడిగే వీలుంటే రెండోది అడగండి. ఉద్యోగం ముగిసే తేదీ రాతలో తీసుకోండి.

మీకు నలభై దాటాయి. సామూహికంగా తీసేసేటప్పుడు దావా వేయనని రాయించుకునే సెవరెన్స్ కాగితం ఇస్తే, ఆలోచించుకోవడానికి 45 రోజులు, సంతకం పెట్టాక వెనక్కి తీసుకోవడానికి 7 రోజులు చట్టమే ఇస్తుంది. ఆ గదిలోనే పెన్ను తీయకండి.

ఐ-140 ఆమోదమై 180 రోజులు దాటితే కంపెనీ తర్వాత వెనక్కి తీసుకున్నా గ్రీన్‌కార్డు వరుసలో మీ స్థానాన్ని చెప్పే ప్రయారిటీ డేట్ మీతోనే ఉంటుంది. కొత్త కంపెనీ దాని ఆధారంగానే ఆరేళ్లు దాటిన హెచ్-1బీని పొడిగించగలదు. 2025 సెప్టెంబరులో వచ్చిన లక్ష డాలర్ల హెచ్-1బీ ఫీజు, దేశంలోనే స్టేటస్‌లో ఉండి కంపెనీ మారే దరఖాస్తుకు వర్తించదని ఇమిగ్రేషన్ శాఖ ఆ అక్టోబరులోనే స్పష్టం చేసింది. కాబట్టి కంగారులో దేశం దాటకండి. గడువులోపు కొత్త కంపెనీ దరఖాస్తు పెట్టలేకపోతే, మీ భార్యకు సొంతంగా హెచ్-1బీ ఉంటే మీరు ఆమె మీద ఆధారపడే హెచ్-4 వీసాకు, లేకపోతే సందర్శకుడి స్టేటస్‌కు మార్చమని అదే 60 రోజుల్లో దరఖాస్తు పెట్టొచ్చు. ఇవన్నీ లిస్టు వచ్చాక కాదు, ఈ వారమే ఒక ఇమిగ్రేషన్ లాయరుకు గంట డబ్బు కట్టి మాట్లాడుకోండి. మీ ఐ-140 ఆమోద పత్రం కాపీ, పే స్టబ్‌లు, ఇమిగ్రేషన్ శాఖ పంపే ఐ-797 నోటీసులు ఇంట్లో ఉన్నాయా చూసుకోండి.

ఇల్లు ఇప్పుడే అమ్మకండి. ప్రాసెస్, పైపింగ్ వైపు మీరుంటే అమెరికా గల్ఫ్ తీరం పొడవునా ఎల్ఎన్‌జీ (ద్రవరూప సహజవాయువు) టెర్మినళ్ల నిర్మాణం నడుస్తోంది, అక్కడ పాత సహోద్యోగులు ఎవరున్నారో వెతకండి. సిగ్గుపడకుండా ఫోన్ చేయండి. ఆ ఫోన్లు ఉద్యోగం ఉన్నప్పుడు చేస్తేనే మీకు గొంతు వణకదు.

ప్రశ్న: కాకినాడలో పెట్రోలియం ఇంజినీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఎక్కడ చూసినా లేఆఫ్ వార్తలే. నాన్నగారు బ్రాంచి మార్చుకోమంటున్నారు. ఏం చేయమంటారు?

— ఓ విద్యార్థి

జవాబు: రెండో సంవత్సరంలో బ్రాంచి మారడానికి మీ కాలేజీ ఒప్పుకుని, మీకు ఈ సబ్జెక్టు నిజంగా నచ్చకపోతే మారిపో నాయనా. లేఆఫ్ వార్తలు చూసి మాత్రం మారొద్దు. మన దేశం వాడే ముడిచమురులో 85 శాతానికి పైగా బయటి నుంచే కొంటున్నాం. ఇక్కడ దొరికేది వెలికితీసే పని ఆపే పరిస్థితి దగ్గరలో లేదు. ప్రభుత్వ సంస్థల్లో కొన్ని గేట్ అనే జాతీయ పరీక్ష ద్వారా తీసుకుంటాయి. పెట్రోలియం ఇంజినీరింగ్‌కు 2017 నుంచి గేట్‌లో విడిగా పేపరు ఉంది. పోస్టులు తక్కువ, పోటీ ఎక్కువ, కాబట్టి ఆ ఒక్క దారి మీదే కూర్చోకు.

నాన్నగారి భయంలో నిజం ఉంది. ఈ రంగంలో 1986లో ఒకసారి, 1998లో ఒకసారి, 2015లో, 2020లో ఇలాగే వేలమంది బయటికి వచ్చారు. నీ ఉద్యోగ జీవితంలో కూడా ఇది రెండు మూడుసార్లు వస్తుందనుకునే దిగు. ఎలక్టివ్‌లలో ఫ్లూయిడ్ మెకానిక్స్, హీట్ ట్రాన్స్‌ఫర్ గట్టిగా చదువు, పైథాన్ ప్రోగ్రామింగ్ నేర్చుకుని, బావి లోపలి పొరల కొలతలైన వెల్ లాగ్ డేటా మీద చిన్న ప్రాజెక్టు ఒకటి చెయ్యి. బావి తవ్వడం తెలిసినవాడు భూతాపం నుంచి కరెంటు తీసే బావులకూ, కార్బన్‌ను భూమిలోకి పంపే బావులకూ పనికొస్తాడు. లద్దాఖ్‌లోని పూగా దగ్గర భూతాప బావుల పని ఓఎన్‌జీసీయే చేపట్టింది. వేసవి ఇంటర్న్‌షిప్‌కు రాజమండ్రి ఓఎన్‌జీసీ కార్యాలయానికి కాలేజీ లెటరుతో జనవరిలోనే దరఖాస్తు పెట్టు, ఏప్రిల్ దాకా ఆగితే సీట్లు నిండిపోతాయి. అవకాశం వస్తే నాన్నగారిని కూడా ఒక డ్రిల్లింగ్ సైటు గేటు దాకా తీసుకెళ్లి అక్కడి కాంట్రాక్టు ఉద్యోగులతో మాట్లాడించు. జీతం ఎంత, ఎన్ని నెలలు పని ఉంటుంది, పని లేనప్పుడు ఏం చేస్తారు అని ఆయన అడగాల్సినవన్నీ వాళ్లనే అడగనివ్వు.